కింద దుకాణం, పైన ఇల్లు: పాత వరంగల్‌కు రూల్స్ రాసేవారికి బహిరంగ లేఖ

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చైర్మన్, వైస్ చైర్మన్ గార్లకు,
గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ మేయర్, కమిషనర్ గార్లకు,
రెండు ఆఫీసుల టౌన్ ప్లానింగ్ అధికారులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

మాది వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో గిర్మాజిపేట. మా ఇంటి ముఖం 14 అడుగులు, లోతు 40 అడుగులు. లెక్క కడితే 62 గజాలు. కింద స్టీలు సామాన్ల దుకాణం, దాని వెనక సరుకు పెట్టుకునే చీకటి గది, పక్క నుంచి పైకి మెట్లు. మొదటి అంతస్తులో అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు ఉంటాం. మిద్దె మీద ఒక రేకుల గది, తులసికోట, నీళ్ళ ట్యాంకు. మా తాత ఇత్తడి బిందెలు, గంగాళాలు అమ్మిన చోటే నాయిన స్టీలు అమ్మాడు. ఇప్పుడు నేను అమ్ముతున్నాను. మూడు తరాలుగా మాకు ఇల్లు, దుకాణం వేరు కావు. గిరాకీ లేని మధ్యాహ్నం పైకెక్కి అన్నం తిని వస్తాం. పరీక్షల రోజుల్లో పిల్లలను గల్లా పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాం.

1970ల మొదట్లో తయారైన ప్లానుతోనే మన ఊరు దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. తర్వాత కుడా 2041ని దృష్టిలో పెట్టుకుని కొత్త మాస్టర్ ప్లాన్ తయారు చేసింది. 1,805 చదరపు కిలోమీటర్ల కుడా పరిధిలో 181 గ్రామాలున్నాయి. ప్లాన్ అనగానే రింగ్ రోడ్డు, కొత్త లేఅవుట్లు, టెక్స్‌టైల్ పార్కు మాటలే ఎక్కువ వినిపిస్తాయి. అవన్నీ కావలసినవే. కానీ బీట్ బజార్, పిన్నవారి వీధి, మండి బజార్, జేపీఎన్ రోడ్డు, మట్టెవాడ, చార్‌బౌలి, పోచమ్మ మైదాన్ ఉన్న ఈ నడి ఊరు ఎట్లా ఉండాలన్న మాట మాత్రం రోడ్డు వెడల్పు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నది. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కట్టడాల్లో ఏముండాలి, ఎవరుండాలి అన్నది కూడా తేల్చాలి కదా. నేను అడిగేది ఆ సంగతే.

నా మనవి ఒక్కటి. పాత వరంగల్‌లో కింద దుకాణం, పైన ఇల్లు ఉన్న కట్టడాన్ని సగం ఇల్లుగా, సగం తప్పుగా చూడకండి. అది ఒక రకం భవనమని ఒప్పుకుని, దాని కొలతకు తగ్గ రూల్ రాయండి. పైన మనుషులు కాపురం ఉండేటట్టు, భద్రంగా ఉండేటట్టు ఆ రూల్ ఉండాలి.

మన దేశంలో ప్లాన్ మ్యాపుల్లో మామూలుగా నివాసానికి పసుపు రంగు, వాణిజ్యానికి నీలం వేస్తారు. మా గల్లీకి ఏ రంగు వేయాలి? నేల మీద నీలం, దానిమీద పసుపు వేయాలి. మ్యాపును పైనుంచి చూస్తాం కాబట్టి అందులో ఒక చోటికి ఒకటే రంగు పడుతుంది. పసుపు వేస్తే మా దుకాణం దొంగదవుతుంది. నీలం వేస్తే మా వంటింటికి లెక్క ఉండదు. పోనీ మిక్స్‌డ్ యూజ్, అంటే రెండూ కలిసి ఉండొచ్చు అని మూడో రంగు వేస్తే సరిపోతుందా అంటే, ఆ రంగు వెనక ఏం రాస్తారన్నదాని మీద ఉంటుంది. ఏదైనా ఎంతైనా కట్టుకోవచ్చని రాస్తే, పదేళ్ళలో ఇక్కడ దుకాణాలు, గోదాములు తప్ప ఒక్క కుటుంబం మిగలదు. కిరాయి ఎక్కువ వచ్చేది గెలుస్తుంది, మనుషులు ఓడిపోతారు. ఇది నేను ఊహించి చెప్పేది కాదు. నా కళ్ళ ముందు జరుగుతున్నదే.

మా చిన్నప్పుడు మా గల్లీలో ప్రతి దుకాణం పైనా ఒక కుటుంబం ఉండేది. పొద్దున అయిదింటికి పాల క్యాన్ల చప్పుడు, ఆ తర్వాత పేపర్ కట్టలు, తొమ్మిదింటికల్లా హమాలీల బండ్లు. పదింటికి షట్టర్లు లేచేవి. మధ్యాహ్నం నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు నుంచి పెండ్లి సామాన్లకు వచ్చినవాళ్ళు లిస్టు పట్టుకుని దుకాణం దుకాణం తిరిగేవారు. ఆ గిరాకీ ఇప్పటికీ ఉంది. మారింది రాత్రి. అప్పట్లో తొమ్మిదింటికి షట్టర్లు దించాక గల్లీ చీకటి కాకపోయేది. పైన లైట్లు వెలిగేవి, ఆడవాళ్ళు అన్నాలు తిని మెట్ల మీద కూర్చునేవారు, మేము దుకాణాల ముందు బండల మీద ఆడుకునేవాళ్ళం. ఎవరైనా కొత్త మనిషి రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే, పైనుంచి ఎవరో ఒకరు “ఎవరు కావాలె బిడ్డా?” అని అడిగేవారు. దుకాణాలకు కాపలా కూడా అదే.

ఇప్పుడు రాత్రి పూట మా గల్లీలో లైటు వెలిగే ఇండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హంటర్ రోడ్డు వైపు, గోపాల్‌పూర్, భీమారం వైపు ఇండ్లు కట్టుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళను నేను తప్పు పట్టను. ఇక్కడ ఇల్లు బాగు చేసుకుందామంటే కాగితం కదలదు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పక్కింటి పైఅంతస్తు అట్ట పెట్టెల గోదాం అయ్యాక రాత్రి నిద్ర పట్టదు. ఖాళీ అయిన పైఅంతస్తు వెంటనే గోదాం అవుతుంది. గోదాముకు నల్లా అక్కర్లేదు, బాత్రూం అక్కర్లేదు, కిరాయిదారుతో పంచాయితీ ఉండదు.

బతుకమ్మ రోజుల్లో ఈ లోటు బాగా కనిపిస్తుంది. మా అమ్మ పెండ్లయి వచ్చినప్పుడు ఒక్క మా గల్లీలోనే ఆడవాళ్ళు రెండు వరుసల గుండ్రంగా నిలబడి ఆడేవారట. దుకాణాల వాళ్ళే త్వరగా షట్టర్లు దించి, నీళ్ళు చల్లించి, బల్బుల తీగలు కట్టేవారు. ఇప్పుడు తంగేడు, గునుగు అమ్మేవాళ్ళు చౌరస్తా నిండా కూర్చుంటారు. పూలు మాత్రం బయటి కాలనీలకు పోతాయి. పోయిన పండక్కి మా గల్లీలో నాలుగే బతుకమ్మలు. కొంచెంసేపు ఆడి, అందరం కలిసి గుడి దగ్గరికి వెళ్ళాం. అమ్మ ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

ఇక రూల్ దగ్గరికి వస్తాను.

మా వెనక గోడకు బీట పడ్డప్పుడు, ఇల్లు మొత్తం దింపి మళ్ళీ కట్టుకుందామని ప్లాన్లు గీసే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కొలతలు చూసి అడిగిన మొదటి ప్రశ్న: “ఇల్లని రాద్దామా అన్నా, దుకాణమని రాద్దామా?” రెండూ కదా అన్నాను. “రెండూ అని రాస్తే కదలదన్నా” అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు.

ఇండ్ల పర్మిషన్ల కోసం 2020లో వచ్చిన బీపాస్ చట్టం చిన్న ఇండ్లకు మంచి పనే చేసింది. 75 గజాల లోపు జాగాలో నేల మీద ఒకటి, దానిపైన ఒక అంతస్తు వరకు ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే చాలు. ఆ పైన 500 చదరపు మీటర్ల జాగా, 10 మీటర్ల ఎత్తు వరకు ఇండ్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. కానీ ఈ సౌకర్యం నివాస భవనాలకే. నివాసం కానిది ఎంత చిన్న జాగాలో ఉన్నా సింగిల్ విండో దారిలో పోవాలి, శాఖల పరిశీలన దాటాలి. అంటే నా 62 గజాల్లో ఇల్లని రాస్తే రూపాయితో అయిపోయే పని, కింద 14 అడుగుల దుకాణం ఉందని నిజం రాస్తే కాంప్లెక్స్ కట్టేవాడి వరుసలో నిలబడాలి.

దాంతో జనం ఏం చేస్తున్నారో మీకు తెలియనిది కాదు. ఇల్లని రాసి, కట్టడం అయ్యాక ముందు గోడ తీసి షట్టర్ పెడుతున్నారు. ఇక ఆ రోజు నుంచి బతుకంతా భయమే. ఎవరు ఫిర్యాదు చేస్తారో, ఎవరు నోటీసు తెస్తారో, ఎవరికి ఏం ఇచ్చుకోవాలో అన్న టెన్షన్. 2007లో బీపీఎస్ అనే పథకం అన్నారు, 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) అన్నారు. తప్పుగా కట్టినవాళ్ళు ఫీజు కట్టి సరిచేసుకోవచ్చన్నారు. రెండోసారి వచ్చిన దరఖాస్తులు కోర్టు కేసులతో ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. ఒక పనిని ఊరంతా తప్పుగా చేస్తున్నదంటే, ముందు రూల్‌ను ఒకసారి తిరగేసి చూడాలి. నేను అబద్ధం రాయలేక, నిజం రాసి తిరగలేక, గోడకు మాత్రం రిపేరు చేయించుకుని ఊరుకున్నాను. ఆ బీట మళ్ళీ కనిపిస్తున్నది.

సెట్‌బ్యాక్ సంగతి కూడా చెప్పాలి. కొత్తగా కడితే ముందు అయిదడుగులు వదలాలన్నారు. వదలడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అటు పక్క దుకాణం, ఇటు పక్క దుకాణం వీధి అంచునే ఉంటాయి. మధ్యలో నా ఒక్కడిదే అయిదడుగులు లోపలికి పోతుంది. ఆ సందులో చెత్త పడుతుంది, బండ్లు నిలబడతాయి, గిరాకీకి దుకాణం కనిపించదు. నలభై అడుగుల లోతులో అయిదు పోయి, పద్నాలుగు అడుగుల వెడల్పులో మెట్లకు మూడున్నర పోతే, ఇక మిగిలేదానిలో సంసారం ఎట్లా? దీనికి పాత రోజుల్లోనే ఒక ఉపాయం ఉంది. హైదరాబాద్‌లో పత్తర్‌గట్టీని చూడండి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు అది. కింద రాతి కమాన్ల వసారాలో జనం ఎండా వానా తగలకుండా నడుస్తారు, లోపల దుకాణాలు, పైన ఉండటానికి గదులు. నేల మీద నడిచే జాగా వదిలారు, దానిపైన కట్టుకోనిచ్చారు. మాకూ అట్లాంటి రూల్ ఇవ్వండి. కింద అయిదడుగులు వసారాగా జనానికి వదిలేస్తాం, షట్టర్ దాని లోపల పెడతాం. పైన గదిని వీధి అంచు దాకా కట్టుకోనివ్వండి. వీధి పొడుగునా అందరికీ ఒకే గీత పెడితే, ఇరవై ఏళ్ళలో చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా నీడలో నడిచే దారి తయారవుతుంది.

పెద్ద జాగా, వెడల్పు రోడ్డు ఉంటేనే దుకాణాలకు అనుమతి అని రూల్ రాస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. మా వంటి 60, 80 గజాల వాళ్ళం సొంతంగా ఏమీ చేయలేం. నాలుగు ఇండ్లు కొని కలిపేవాడికి అమ్ముకోవాల్సిందే. వాడు కాంప్లెక్స్ కడతాడు. అందులో మడిగెలు ఉంటాయి, కోచింగ్ సెంటర్లు ఉంటాయి, కాపురాలు ఉండవు. చిన్న జాగా మీద చిన్నగా కట్టుకోవడానికి దారి ఉంచితేనే ఇక్కడి వాళ్ళు ఇక్కడ ఉంటారు.

ఇప్పుడు నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని విషయానికి వస్తాను. మా మెట్లు మీరు చూడాలి. వెడల్పు మూడున్నర అడుగులు అన్నాను కదా, ఎప్పుడూ అంత ఉండదు. దసరా, దీపావళి సరుకు దిగినప్పుడు ప్రతి మెట్టు మీదా అట్ట పెట్టెలు పేర్చుకుంటాం. నేనే పేరుస్తాను, ఒప్పుకుంటున్నాను. మెట్ల కింద మీటర్ల బోర్డు. ఇంటిది ఒకటి, దుకాణానిది ఒకటి, వేర్వేరు కేటగిరీలు. ఆ రెండు మీటర్ల నుంచి వచ్చే తీగలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, గోడ మీద నల్లగా మసి పట్టి ఉంది. ఆ మసి ఎప్పటిదో తెలుసా? నాలుగేళ్ళ కింద ఎండాకాలంలో, రాత్రి రెండింటికి, పక్క భవనంలో ప్లాస్టిక్ సామాన్ల గోదాం అంటుకుంది. మంట మా దాకా రాలేదు. పొగ వచ్చింది. మెట్ల దారి నిండా నల్లటి పొగ, కిందికి దిగే వీల్లేదు. మాకు దారి ఇంకోటి లేదు. మా అమ్మను నేను, మా తమ్ముడు ఎత్తుకుని మిద్దె మీదికి ఎక్కి, పిట్టగోడ దాటించి, అవతలి ఇంటి మిద్దె మీదికి చేర్చాం. వాళ్ళు అక్కడ కాపురం ఉన్నారు కాబట్టి తలుపు తీసేవాళ్ళు దొరికారు. అది కూడా గోదామే అయి, తాళం వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

అందరికీ అట్లాంటి పక్కిల్లు దొరకదు. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాం పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోనే ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్న 8 మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కుటుంబం ఉన్న ఇంట్లో 17 మంది పోయారు, అందులో పసిపిల్లలున్నారు. లోపలికి పోయే దారి ఇరుకైనది ఒక్కటే. ఆ వార్త చూసిన రోజు నేను మెట్ల మీద పెట్టెలన్నీ తీసేశాను. నిజం చెప్పాలంటే రెండు నెలల తర్వాత మళ్ళీ కొన్ని చేరాయి. చోటు లేదు మరి.

ఇవన్నీ చూసి, పైన మనుషులు ఉండటమే తప్పని రూల్ రాయకండి. ఆ మనుషుల కింద ఏం పెట్టారు, వాళ్ళు బయటపడే దారి ఏది, ఈ రెండే అడగండి. ఫైర్ శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) సాధారణంగా 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు అడుగుతారు. మావి రెండు మూడు అంతస్తులు. కాబట్టి ఎవరూ వచ్చి చూడరు. అన్నిటికంటే ఇరుకైన మెట్లు, పాత వైరింగ్, ఎక్కువ సరుకు ఉన్న కట్టడాలకు చూసే దిక్కు లేదు. మాకు పెద్ద భవనాల రూల్ పెట్టమనడం లేదు. ఇంటి మెట్లు దుకాణంలో నుంచి పోకుండా వేరుగా వీధిలోకి దిగాలి. మెట్ల మీద, మీటర్ల బోర్డు దగ్గర సరుకు పెట్టకూడదు. మిద్దె తలుపుకు లోపలి నుంచి గడియే ఉండాలి, తాళం ఉండకూడదు. పక్క మిద్దెకు దాటే వీలు ఉంచాలి. వరుస గోడల ఇండ్లలో అదే మా రెండో దారి. ఈ నాలుగూ రాసి, ఏడాదికోసారి వచ్చి చూడండి. నాతో సహా ఎవరు తప్పినా ఫైన్ వేయండి.

కింద ఏముండవచ్చో తేల్చడం ఇంకా ముఖ్యం. ఢిల్లీలో 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో నివాస ప్రాంతాల్లోని దుకాణాలకు సీళ్ళు వేస్తే వ్యాపారులు రోడ్డెక్కారు. తర్వాత 2007లో అమల్లోకి వచ్చిన అక్కడి మాస్టర్ ప్లాన్ మిశ్రమ వినియోగానికి ఒక అధ్యాయమే కేటాయించింది. ఏ వీధుల్లో ఇంటి కింద దుకాణాలు ఉండవచ్చో నోటిఫై చేయాలని చెప్పింది. నివాస ప్లాట్లలో నేల అంతస్తున 20 చదరపు మీటర్ల లోపు చిన్న దుకాణాలకు వీలిచ్చింది. కలప, సిమెంటు, ఇనుము, కట్టెలు, బొగ్గు, తుక్కు వ్యాపారాలను, గోదాములను ఇండ్ల కింద వద్దంది. అంతా సవ్యంగా నడిచిందని చెప్పను, ఆ తర్వాత కూడా అక్కడ సీళ్ళు పడ్డాయి. కానీ దుకాణమా ఇల్లా అని కాకుండా ఏ దుకాణం అని అడగడం సరైన ప్రశ్న.

మన ఊరికి ఆ జాబితా మనమే రాసుకోవాలి. ఇక్కడి సరుకు వేరు. బట్టలు, గిన్నెలు, కిరాణా, పుస్తకాలు, మందులు, టైలర్, బంగారం చిల్లర అమ్మకం, వీటికి ఇబ్బంది లేదు. ఎండుమిర్చి నిల్వ ఇండ్ల కింద వద్దు. వేసవిలో బస్తాలు దించుతుంటేనే గల్లీ అంతా తుమ్ములు, దగ్గులు. అది అంటుకుంటే ఆ పొగలో ఒక్క నిమిషం నిలబడలేరు. ఎనుమాముల యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కదా, మిర్చి జాగా అది. పటాకులు, పెయింట్లు, థిన్నర్లు, ఫోమ్ పరుపులు, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్ల నిల్వ వద్దు. గోదాములకు ఊరి అంచున, లారీ తిరిగే చోట జాగా చూపించండి. మడిగెలో అమ్ముకునేంత సరుకు ఉంచుకుని, మిగతాది అక్కడి నుంచి రోజూ తెచ్చుకుంటాం. ఖర్చు కొంచెం పెరుగుతుంది. పైఅంతస్తులు మళ్ళీ ఇండ్లవుతాయి.

కొత్తవాడ గురించి వేరుగా చెప్పాలి. అక్కడి పద్మశాలీల ఇండ్లలో మగ్గం గుంత ఒక గదిలో, పొయ్యి ఇంకో గదిలో. అక్కడ నేసే వరంగల్ దరీలకు (నేల మీద పరిచే తివాచీలకు) 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు సంపాదించిన పని జరిగేది ఇండ్లల్లోనే. ఉత్పత్తి అనే మాట చూసి ఆ మగ్గాన్ని పరిశ్రమ ఖాతాలో వేసే రూల్ ఏదీ రాకుండా చూడండి. మగ్గం చప్పుడుకు పక్కింటివాడు ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు. చేతితో చేసే పని, మోటారు లేని పని, ఇంట్లో వాళ్ళే చేసే పని అయితే ఇంటి లెక్కలోనే ఉంచండి.

పార్కింగ్ కోసం ప్రతి కట్టడం సొంతంగా చోటు చూపాలంటే మా వంటి జాగాల్లో దుకాణం బదులు రెండు కార్లు పెట్టుకుని కూర్చోవాలి. దాని బదులు మా దగ్గర పార్కింగ్ ఫీజు తీసుకోండి. ఆ డబ్బును వేరే ఖాతాలో వేసి, నడిచిపోయే దూరంలో ఉమ్మడి పార్కింగ్ కట్టండి. ఆ డబ్బు ఇంకో పనికి పోకూడదన్నది మాత్రం రూల్‌లోనే రాయాలి. సరుకు దించే లారీలకు రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా టైం పెట్టండి. సెల్లార్లు ఈ ప్రాంతంలో వద్దు. 2020 ఆగస్టులో, 2023 జులైలో శివనగర్, హంటర్ రోడ్డు వైపు నీళ్ళు ఎట్లా నిలిచాయో చూశాం. 2023లో భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి కూడా పడింది. పైగా పార్కింగ్ పేరుతో కట్టిన సెల్లార్ ఏడాది తిరగకుండా గోదాం అవుతుంది.

దుకాణాల ముందు కూర్చునే పూలవాళ్ళు, పండ్లవాళ్ళు, గాజులవాళ్ళను అడ్డంకి అనుకోకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని చెప్పింది. ఏ చోట ఏముండాలో చెప్పే జోనింగ్ రూల్స్ రాసేటప్పుడు వాళ్ళను కూడా పిలవండి. వసారా గీత పెడితే వాళ్ళ చోటు ఎక్కడో ఆ గీత మీదే గుర్తు పెట్టండి. మా దుకాణం ముందు ముప్పై ఏళ్ళుగా పూలు అమ్మే అవ్వకు ఏ కాగితం లేదు. ఆమె బుట్ట పెట్టే బండ ఏదో ఈ గల్లీలో అందరికీ తెలుసు.

ఖిలా వరంగల్ వాళ్ళ బాధ కొంత వేరే. అక్కడ కోట లోపలే ఊరుంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. అది కేంద్ర చట్టం, మీ చేతిలో లేదు. వెయ్యి స్తంభాల గుడి చుట్టుపక్కల వాళ్ళకూ ఇదే. కానీ ఏ ఇల్లు ఏ గీత లోపల పడుతుందో ఇంటి నంబర్ల వారీగా పట్టిక ఇచ్చి, రిపేరు అనుమతికి కావలసిన కాగితాలు మీ ఆఫీసు నుంచే పంపితే వాళ్ళకు సగం తిరుగుడు తప్పుతుంది.

పైన కాపురం నిలబెట్టుకున్నవాళ్ళకు ఏదో ఒక ఆసరా కూడా ఇవ్వండి. నేల అంతస్తుకు వాణిజ్య పన్ను కడతాం. పైన కుటుంబం ఉన్నంత కాలం ఆ అంతస్తు ఇంటి పన్నులో కొంత తగ్గింపు ఇవ్వండి. గోదాం చేసిన రోజు అది తీసేయండి. ఖాళీగా ఉన్న పైఅంతస్తును బాగు చేసి కిరాయికి ఇచ్చేవాళ్ళకూ అట్లాగే చేయండి. ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మలు, కాలేజీ పిల్లలు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు ఇక్కడ గదుల కోసం వెతుకుతూ దొరక్క ఎక్కడెక్కడి నుంచో ఆటోల్లో వస్తున్నారు.

చివరగా అభ్యంతరాల సంగతి. రూల్ ముసాయిదా వచ్చినప్పుడు పేపర్లో చిన్న అక్షరాల్లో ఒక నోటీసు పడుతుంది, కొన్ని రోజుల గడువు ఉంటుంది, మ్యాపు ఆఫీసులో చూసుకోమంటారు. మా వీధిలో ఆ నోటీసు చదివినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. ఈసారి ముసాయిదాను తెలుగులో ఇవ్వండి. మ్యాపును డివిజన్ల వారీగా కోసి, ఇంటి నంబర్లు కనిపించేంత పెద్దగా అచ్చు వేసి చౌరస్తాలో కట్టండి. విచారణ పొద్దున పదకొండింటికి పెడితే మేము దుకాణం మూసి రాలేం, ఆడవాళ్ళు పొయ్యి వదిలి రాలేరు, హమాలీలకు అది పని మీదుండే టైం. రాత్రి తొమ్మిదిన్నరకు, షట్టర్లు దించాక, మా గల్లీలోనే పెట్టండి. దుకాణాల ముందు బండలు కడిగి చాపలు వేస్తాం, బల్బులు మేమే కడతాం. టేపు తెచ్చుకోండి. మొదట మా ఇంటి మెట్లే కొలవండి.

ఇట్లు,
గిర్మాజిపేట స్టీలు సామాన్ల దుకాణదారు, ఆ దుకాణం పైన ఇంట్లో ఉండే వరంగల్ వాసి